వడ్ల మిల్లు దుమ్ము లాగే ఫ్యాను: 10 హెచ్‌పీ చాలడం లేదు, 25 వేయాలా?

మిర్యాలగూడ మిల్లు | నవంబరు 9, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర గంటకు నాలుగు టన్నుల మిల్లు. వానాకాలం వడ్లు దిగుతున్నాయి, లారీలు వరుసలో ఉన్నాయి. వడ్లు కుమ్మరించే గుంత దగ్గర దుమ్ము మేఘంలా లేస్తోంది. హమాలీలు ముక్కుకు తువ్వాలు కట్టుకొని పని చేస్తున్నారు. ఒకాయన రాత్రంతా దగ్గుతూనే ఉంటున్నాడని ఆయన భార్య నాతో చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు నిలవడం లేదు.

ఉన్న ఏర్పాటు ఇది. గుంత, వడ్లలో చెత్త తీసే ప్రీ క్లీనరు, వడ్లను పైకెత్తే మూడు ఎలివేటర్లు, ఒక బెల్టు కన్వేయరు కొస, వీటన్నిటి నుంచి గాలి ఒకే పెద్ద డక్టులోకి, అంటే రేకు గొట్టంలోకి వస్తుంది. ఆ డక్టు 600 మి.మీ. గుండ్రం, పొడవు 28 మీటర్లు. తర్వాత దుమ్మును గుడ్డ సంచులతో పట్టే 81 సంచుల బ్యాగ్ ఫిల్టరు. సంచి వ్యాసం 150 మి.మీ., పొడవు 2.4 మీటర్లు. ఫిల్టరు తర్వాత నిటారు రెక్కల ఫ్యాను, 10 హెచ్‌పీ మోటారు. ఫ్యాను ప్లేటు మీద గంటకు 12,000 ఘనపు మీటర్ల గాలి, పీడనం 150 మి.మీ. (నీటి మట్టం లెక్కన) అని ఉంది. నిన్న డక్టు మూత తెరిస్తే అడుగున జానెడు మందాన దుమ్ము పేరుకొని ఉంది.

ఫ్యాను అమ్మే వ్యక్తి వచ్చి చూసి 25 హెచ్‌పీది వేస్తే సరిపోతుందన్నాడు. ఏ లెక్కన అని అడిగితే అనుభవం అన్నాడు. డబ్బు పెట్టే ముందు తెలిసినవారిని అడుగుదామని ఇక్కడికి వచ్చాను.

వైండింగ్ షాపు, నల్లగొండ | నవంబరు 9, రాత్రి 9.45

అన్నా, మోటారు ఈ మధ్య వైండింగుకు వెళ్లిందా? వెళ్తే ముందుగా తిరిగే దిశ చూడండి. సెంట్రిఫ్యూగల్ ఫ్యాను తిరగబడి తిరిగినా గాలి వెనక్కి రాదు, అదే దారిన బయటికి పోతుంది, కానీ బాగా తగ్గిపోతుంది. అందుకే ఎవరూ అనుమానించరు. గాలి రావడం లేదని తెచ్చిన మోటార్లలో కొన్నిటికి నేను చేసింది రెండు ఫేజులు మార్చడమే.

పాలమూరు పత్తి, జడ్చర్ల | నవంబరు 10, ఉదయం 6.30

మాది జిన్నింగ్ మిల్లు. ఇలాంటి బాధే మాకూ ఉండేది. మోటారు పుల్లీ ఒక సైజు పెద్దది వేసి ఫ్యాను వేగం పెంచాం, గాలి పెరిగింది. ఖర్చు తక్కువ. ముందు అది చేసి చూడండి.

గాలి లెక్క | నవంబరు 10, ఉదయం 8.15

పుల్లీ మార్చే ముందు ఒక్క నిమిషం ఆగండి. నేను నల్లగొండ జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లకు పైగా ఫ్యాన్లు, ఫిల్టర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. వేగం 10 శాతం పెంచితే గాలి 10 శాతమే పెరుగుతుంది, పీడనం 21 శాతం పెరుగుతుంది, మోటారు మీద భారం మాత్రం 33 శాతం పెరుగుతుంది. 20 శాతం పెంచితే భారం 73 శాతం పెరుగుతుంది. 10 హెచ్‌పీ మోటారు అది మోయదు. పైగా ప్రతి ఇంపెల్లరుకు, అంటే ఫ్యాను లోపలి రెక్కల చక్రానికి, తయారీదారు ఇచ్చిన గరిష్ఠ వేగం ఒకటి ఉంటుంది. అది దాటిన ఇంపెల్లరు పగిలితే రేకు కేసింగు దాన్ని ఆపలేదు. పత్తి మిత్రుడు కూడా తన ఫ్యాను ప్లేటు ఒకసారి చూసుకోవాలని కోరుతున్నాను.

మిల్లు బాబూ, 25 అవునో కాదో ఇప్పుడే ఎవరు చెప్పినా అది ఊహే. ముందు కొలవండి. గాలి వేగం కొలిచే పిటాట్ గొట్టం దొరికితే మంచిది. పీడనం చదవడానికి ‘యు’ ఆకారంలో వంచిన పారదర్శక గొట్టం, రంగు నీళ్లు, ఒక స్కేలు చాలు. మూడు కొలతలు కావాలి: పెద్ద డక్టులో నిటారుగా ఉన్న చోట వేగ పీడనం (గాలి కదలిక వల్ల పుట్టేది), ఫిల్టరుకు ముందు స్థిర పీడనం (డక్టు గోడ దగ్గర కొలిచేది), ఫ్యాను నోటి ముందు స్థిర పీడనం. వేగ పీడనం ఒక్క చోట కాదు, వ్యాసం వెంట పది చోట్ల చూడండి. ఒక్కొక్క దాని నుంచి వేగం కట్టి, ఆ వేగాల సగటు తీసుకోండి.

మిర్యాలగూడ మిల్లు | నవంబరు 12, సాయంత్రం 6.20

తిరిగే దిశ సరిగానే ఉంది, బాణం గుర్తుతో పోల్చి చూశాను. పాలిటెక్నిక్‌లో చదివే మా మేనల్లుడు పిటాట్ గొట్టం తెచ్చి సాయపడ్డాడు.

డక్టులో దుమ్మంతా తీయించాకే కొలిచాం. పది చోట్ల సగటు చూస్తే వేగ పీడనం 3.8 మి.మీ. వద్ద తేలుతోంది. ఫిల్టరుకు ముందు స్థిర పీడనం మైనస్ 35. ఫ్యాను నోటి ముందు మైనస్ 175. మోటారు 12.5 ఆంపియర్లు తీసుకుంటోంది.

ఇంకొకటి కనిపించింది. ఫిల్టరు కింద దుమ్మును బయటికి వదిలే రోటరీ వాల్వు రబ్బరు అరిగిపోయి, అక్కడి నుంచి గాలి ఈల వేస్తూ లోపలికి పోతోంది. రబ్బరు మార్పించాను. మార్చాక కొలిచినవే పైన రాశాను.

గాలి లెక్క | నవంబరు 12, రాత్రి 10.05

చక్కగా కొలిచారు. ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

మామూలు గాలికి వేగం అంటే వేగ పీడనం వర్గమూలాన్ని 4.04తో గుణించడమే. 3.8 వర్గమూలం 1.95. అంటే సెకనుకు 7.9 మీటర్లు. 600 మి.మీ. డక్టు వైశాల్యం 0.283 చదరపు మీటర్లు. గంటకు సుమారు 8,000 ఘనపు మీటర్లు. ప్లేటు మీద 12,000 అని ఉంది, వచ్చేది అందులో మూడింట రెండు వంతులు.

ఎందుకంటే ప్లేటు మీది 12,000 అనేది 150 మి.మీ. దగ్గర మాత్రమే. మీ ఫిల్టరు ఒక్కటే 175లో 140 తినేస్తోంది. మిగిలిన 35తో ఆరు చోట్ల నుంచి దుమ్ము లాగాలి. కానీ అసలు జబ్బు ఫ్యానుది కాదు. వడ్ల దుమ్ము డక్టులో కూర్చోకుండా పోవాలంటే సెకనుకు 18 నుంచి 20 మీటర్ల వేగం కావాలి. మీకు 7.9 ఉంది. మీరు తీయించిన జానెడు దుమ్ము కొన్ని వారాల్లో మళ్లీ చేరుతుంది.

25 హెచ్‌పీ ఫ్యాను పెట్టి గాలిని 12,500కు తీసుకెళ్లినా ఈ 600 డక్టులో వేగం 12.3 దాటదు. దుమ్ము అప్పుడూ కూర్చుంటుంది. అందుకే ఫ్యాను ఆఖరున ఎంచుకోవాలి. మొదట దుమ్ము పుట్టే చోట ఎంత గాలి కావాలి, తర్వాత ఆ గాలికి డక్టు ఎంత, ఆ డక్టులో పీడనం ఎంత పోతుంది, అప్పుడు ఫ్యాను. ఈ వరుస తిప్పి చేసిన మిల్లులు చాలా చూశాను, అన్నిచోట్లా కరెంటు బిల్లు పెరిగింది, దుమ్ము తగ్గలేదు.

గుంత తెరుచుకునే వైశాల్యం, ఎలివేటరు కేసింగు కొలతలు రాయండి.

పాలమూరు పత్తి, జడ్చర్ల | నవంబరు 13, ఉదయం 6.50

పెద్దాయనా, పుల్లీ మాట గుర్తుపెట్టుకుంటాను, ప్లేటు చూస్తాను. ఒక సందేహం. గాలి చాలనప్పుడు డక్టు ఇంకా పెద్దది చేయాలి కదా? మీరు చిన్నది చేయమంటున్నట్టు ఉంది.

గాలి లెక్క | నవంబరు 13, ఉదయం 9.00

సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ వైపే కదా పోతుంది. కాలువ వెడల్పయిన చోట, నీళ్లు మెల్లగా నడిచే చోట ఒండ్రు దిగుతుంది. ఇరుకుగా ఉండి వడిగా పోయే చోట అడుగు శుభ్రంగా ఉంటుంది. డక్టులో దుమ్మూ అంతే. శుభ్రమైన గాలిని మోసే డక్టు ఎంత వెడల్పయితే అంత మంచిది, పీడనం మిగులుతుంది. దుమ్మును మోసే డక్టుకు కనీస వేగం ఉండి తీరాలి. అలాగని 25, 28 మీటర్ల వేగం పెట్టినా తప్పే. పీడనం వృథా అవుతుంది, వంపుల దగ్గర రేకు త్వరగా చిల్లులు పడుతుంది. ఊకలో సిలికా ఎక్కువ, ఉలిలా గీస్తుంది.

మిర్యాలగూడ మిల్లు | నవంబరు 13, మధ్యాహ్నం 1.30

గుంత మీద మూడు వైపులా రేకు ఉంది, లారీ వైపు తెరిచి ఉంది. ఆ తెరిచిన భాగం 2 మీటర్లు × 75 సెంటీమీటర్లు. ఎలివేటరు కేసింగులు మూడూ 90 × 40 సెంటీమీటర్లు. బెల్టు వెడల్పు అర మీటరు. ప్రీ క్లీనరుకు గంటకు 3,000 కావాలని దాని పుస్తకంలో ఉంది.

గాలి లెక్క | నవంబరు 13, రాత్రి 9.30

గుంత: తెరిచిన 1.5 చదరపు మీటర్ల మీద సెకనుకు 1 మీటరు వేగంతో గాలి లోపలికి రావాలి. గంటకు 5,400. ఎలివేటర్లు: కేసింగు అడ్డుకోతకు సెకనుకు అర మీటరు చొప్పున ఒక్కొక్క దానికి 650, దాన్ని 700 అనుకుందాం, మూడింటికి 2,100. బెల్టు కొసకు 1,000. క్లీనరుకు 3,000. మొత్తం 11,500. సందుల్లో వచ్చే దొంగ గాలికి 8 శాతం కలిపితే సుమారు 12,500.

సెకనుకు 20 మీటర్ల వేగానికి 12,500 గాలి పోవాలంటే డక్టు 470 మి.మీ. పీడనం మొత్తం 300 మి.మీ. దాకా వస్తుంది. సెకనుకు 3.47 ఘనపు మీటర్లు × 2,943 పాస్కల్‌లు (అదే 300 మి.మీ.) = 10.2 కిలోవాట్లు. ఫ్యాను సామర్థ్యం 70 శాతం అనుకుంటే ఇరుసు దగ్గర 14.6. బెల్టు నష్టం, మోటారుకు కాస్త వెసులుబాటు కలిపితే 18.5 కిలోవాట్లు, అంటే 25 హెచ్‌పీయే. అమ్మే వ్యక్తి అంకె నిజానికి తప్పు కాదు.

కానీ ఫిల్టరు చూడండి. 81 సంచుల గుడ్డ 91.6 చదరపు మీటర్లు. నిమిషానికి 208 ఘనపు మీటర్ల గాలి వస్తే చదరపు మీటరుకు 2.27 పడుతుంది. వడ్ల దుమ్ముకు నేను 2 దాటనివ్వను. దాటితే దుమ్ము గుడ్డలోకి దిగబడి సంచులు ఏడాది తిరక్కుండానే మూసుకుపోతాయి. అంటే 25 హెచ్‌పీ వేస్తే ఫిల్టరూ మార్చాల్సి వస్తుంది.

పలుగురాయి, షాద్‌నగర్ | నవంబరు 14, ఉదయం 7.15

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. మా దగ్గర పలుగురాయి పొడి చేసే మిల్లులు ఉన్నాయి. నేను ఒకదానిలో మెయింటెనెన్సు చూస్తాను. మా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు, మనిషిని లోపలి నుంచి గట్టిపరుస్తుంది. కాబట్టి మాకు గాలి లెక్క కాగితం మీద పని కాదు.

మేము నేర్చుకున్నది, ఫ్యాను పెంచే ముందు రంధ్రం మూయాలని. తెరిచిన చోటు సగమైతే కావలసిన గాలీ సగమే. ఆ గుంత ముందు పైనుంచి పాత కన్వేయరు బెల్టును చీలికలుగా కోసి తెరలా వేలాడదీయండి. వడ్లు పడేటప్పుడు చీలికలు పక్కకు జరుగుతాయి, మళ్లీ మూసుకుంటాయి. పడే ఎత్తు తగ్గించినా దుమ్ము తగ్గుతుంది. దుమ్ము పుట్టే చోటు నుంచి హుడ్డును, అంటే దుమ్ము లాగే మూతిని, దూరం జరిపారో, గాలి అవసరం దూరం వర్గంతో పెరుగుతుంది. రెండింతలు దూరమైతే దాదాపు నాలుగింతల గాలి. చేయి చాపితే అందే దూరంలో ఉన్న హుడ్డును చేతికి ఆనేలా తెస్తే చాలు, కొత్త మోటారు కొన్నంత ఫలితం.

మిర్యాలగూడ మిల్లు | నవంబరు 16, సాయంత్రం 5.40

బెల్టు తెర వేశాం. నిన్న నాలుగు లారీలు దించాం. పని ఆగలేదు. ఇప్పుడు తెరిచి ఉండేది 0.9 చదరపు మీటర్లే. ఉన్న ఫ్యానుతోనే మేఘం సగానికి తగ్గింది. హమాలీ మేస్త్రి వచ్చి తెర ఇంకాస్త పొడుగు చేయమని తనే అడిగాడు.

గాలి లెక్క | నవంబరు 16, రాత్రి 10.20

పలుగురాయి మిత్రుడికి నమస్కారం, అది నేను ముందే చెప్పాల్సిన మాట.

గుంతకు ఇప్పుడు 3,240 చాలు. మొత్తం 9,340, దొంగ గాలితో 10,100. ఫిల్టరు మీద భారం నిమిషానికి చదరపు మీటరుకు 1.84. ఉన్న ఫిల్టరే సరిపోతుంది!

డక్టు పెద్ద గొట్టం 420 మి.మీ. గుంత నుంచి వచ్చి కలిసే కొమ్మ గొట్టం 240, క్లీనరుది 230, ఎలివేటర్లవి 110. మొదటి కొమ్మ నుంచి పెద్ద గొట్టం సన్నగా మొదలై, కొమ్మ కలిసిన ప్రతిచోటా పెరుగుతూ రావాలి. కొమ్మ పక్క నుంచో పై నుంచో 30 డిగ్రీల వాలుగా కలవాలి. కింది నుంచి కలపకండి, ఆగినప్పుడల్లా దుమ్ము అందులోకి జారుతుంది.

పీడనం: 20 మీటర్ల వేగానికి వేగ పీడనం 24.5 మి.మీ. గుంత హుడ్డు దగ్గర గాలి వేగం అందుకోవడానికి, మూతి నష్టానికి కలిపి 37. కొమ్మ 10 మీటర్లకు 19, కలిసే చోట 5. పెద్ద గొట్టం 28 మీటర్లకు 29. వంపు వ్యాసార్ధం డక్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉంటే ఒక్కొక్కటి 7 పైన, నాలుగింటికి 29. పైకి పోయే పొగగొట్టానికి 15. మొత్తం 134, దాన్ని 150 అనుకుందాం. సంచులు పాతబడ్డాక ఫిల్టరు 150. కలిపి 300.

ఇరుసు దగ్గర 11.8 కిలోవాట్లు. 15 కిలోవాట్ల మోటారు, 20 హెచ్‌పీ చాలు. పాత బెల్టు ముక్కలతో వేసిన తెర మీకు గంటకు సుమారు 3 యూనిట్లు మిగులుస్తోంది, ఫిల్టరు ఖర్చు తప్పించింది.

సాగర్ గట్టు | నవంబరు 17, ఉదయం 11.00

పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెబుతాను. కేటలాగు అంకెలు 20 డిగ్రీల గాలికి, ఘనపు మీటరుకు 1.2 కిలోల సాంద్రతకు. మన ఎండాకాలంలో 45 డిగ్రీలకు సాంద్రత 1.1 దగ్గరికి పడుతుంది. ఫ్యాను అంతే ఘనపరిమాణం లాగుతుంది కానీ పీడనం ఆ మేరకు తగ్గిపోతుంది. కాబట్టి 300ను 1.2తో గుణించి 1.1తో భాగించి 327 మి.మీ.కు ఆర్డరు ఇవ్వాలి. మహబూబ్‌నగర్ వాళ్లయితే సుమారు 500 మీటర్ల ఎత్తుకు ఇంకాస్త కలపాలి.

గాలి లెక్క | నవంబరు 17, మధ్యాహ్నం 3.10

సరైన ప్రశ్న, కానీ సగమే లెక్కించారు సార్. గాలి పలచబడితే డక్టులో నష్టమూ అదే పాళ్లలో తగ్గుతుంది. ఆ 150 వేసవిలో 138 అవుతుంది. ఫిల్టరు గుడ్డలో నష్టం గాలి జిగట మీద ఆధారపడేది, సాంద్రతతో తగ్గదు, అది 150గానే ఉంటుంది. రెండూ కలిపి 288. దాన్ని కేటలాగుకు మారిస్తే 314. అంటే 315కు ఆర్డరు.

సాగర్ గట్టు | నవంబరు 17, సాయంత్రం 4.00

ఒప్పుకుంటున్నాను. ఫిల్టరు, డక్టు విడివిడిగా చూడాలని తరగతిలో చెప్పే నేనే ఇక్కడ కలిపేశాను. మరొకవైపు డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలకు గాలి చిక్కబడుతుంది, మోటారును ఆ గంటకు సరిచూడాలి. 315 మి.మీ. దగ్గర ఇరుసుకు 12.6, బెల్టు నష్టంతో 13.1 కిలోవాట్లు. 15 తట్టుకుంటుంది.

గాలి లెక్క | నవంబరు 17, రాత్రి 9.15

ఇక ఫ్యాను రకం. ఫిల్టరు తర్వాత శుభ్రమైన గాలి కాబట్టి వెనక్కి వంగిన రెక్కలది తీసుకోండి. సామర్థ్యం ఎక్కువ, పైగా గాలి పెరిగినా ఒక హద్దు దాటాక భారం పెరగదు. నిటారు రెక్కల ఫ్యానుకు ఆ గుణం లేదు. సంచులు కొత్తగా వేసిన రోజు అడ్డు తక్కువై గాలి ఎక్కువ పారుతుంది, మోటారు ట్రిప్పవుతుంది. దుమ్ము నేరుగా ఫ్యానులో పడే చోట మాత్రం నిటారు రెక్కలే మేలు. ముందుకు వంగిన రెక్కలది ఈ పనికి వద్దు.

ఫ్యాను నోటికి ఆనించి వంపు పెట్టకండి. కనీసం డక్టు వ్యాసానికి మూడు రెట్లు నిటారుగా ఉండాలి. లేకపోతే గాలి సుడి తిరుగుతూ నోట్లో ప్రవేశిస్తుంది, కేటలాగు చెప్పిన పీడనం రాదు.

ఇంకొకటి, దీన్ని తేలికగా తీసుకోవద్దు. ధాన్యం దుమ్ము గాలిలో తగినంత కలిసిన చోట నిప్పురవ్వ పడితే పేలుతుంది. ఫిల్టరుకు పేలితే ఒత్తిడిని బయటికి వదిలే పేలుడు మూత, సంచులకు స్టాటిక్ కరెంటును భూమికి దింపే తీగ, డక్టు ముక్కలన్నిటికీ ఎర్తింగు పెట్టించండి. ఎలివేటరు బేరింగులు వేడెక్కుతున్నాయేమో రోజూ చెయ్యి పెట్టి చూసే మనిషిని ఒకరిని నియమించండి.

వైండింగ్ షాపు, నల్లగొండ | నవంబరు 18, ఉదయం 8.40

20 హెచ్‌పీకి మొదట్లో కరెంటు తగ్గించి ఎత్తుకునే స్టార్ డెల్టా స్టార్టరు పెట్టండి. ఇంపెల్లరు బరువైనది, వేగం అందుకోవడానికి టైము తీసుకుంటుంది. గాలి దారిలో ఉండే డ్యాంపరు తలుపు మూసి స్టార్టు చేసి, పూర్తి వేగం వచ్చాక తెరవండి.

మిర్యాలగూడ మిల్లు | జనవరి 27, రాత్రి 8.30

సంక్రాంతికి మిల్లు ఆపి డక్టు మొత్తం మార్చాం, ఫ్యాను పెట్టాం. అందరికీ లెక్క అప్పజెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

పెద్ద గొట్టంలో వేగ పీడనం 23, వేగం 19.4, గాలి గంటకు సుమారు 9,700. ఫిల్టరు మీద 125 మి.మీ. మోటారు 20 ఆంపియర్లు. వారం తర్వాత మూత తెరిస్తే అడుగున రేకు మెరుస్తోంది. గుంత దగ్గర మధ్యాహ్నం ఎండలో నిలబడి చూశాను, దుమ్ము హుడ్డులోకి వంగి పోతోంది. ఆ దగ్గే ఆయనను డాక్టరుకు చూపించాం, మందులు వాడుతున్నాడు. ఇప్పటికి ఆయన్ను గుంత నుంచి గోదాము పనికి మార్చాను.

ఒక్క లోపం. మూడో ఎలివేటరు కొమ్మలో వేగ పీడనం 12 మాత్రమే వస్తోంది.

గాలి లెక్క | జనవరి 27, రాత్రి 9.50

12 అంటే 14 మీటర్లు. అక్కడ కూర్చుంటుంది. ఆ కొమ్మను ముట్టుకోకండి. క్లీనరు కొమ్మ దగ్గరిది, అది ఎక్కువ లాగేస్తుంటుంది. దాని జారుడు గేటును ఒక్కొక్క సెంటీమీటరు మూస్తూ, ప్రతిసారీ రెండు కొమ్మలూ కొలవండి. ఎలివేటరుది 22 దాటిన చోట ఆపి, గేటును బోల్టుతో బిగించి రేకు మీద రంగు గీత గీయండి. రేపు షిఫ్టు మనిషి ఎవరైనా కదిపితే తెలిసిపోవాలి.

మిర్యాలగూడ మిల్లు | జనవరి 29, మధ్యాహ్నం 12.15

నాలుగు సెంటీమీటర్లు మూశాక 22.5 వచ్చింది. క్లీనరులో తాలు పోవడం తగ్గలేదు. బోల్టు బిగించి ఎర్ర గీత గీశాం.

పాలమూరు పత్తి, జడ్చర్ల | జనవరి 29, రాత్రి 7.05

పెద్దాయనా, మా ఫ్యాను ప్లేటు చూశాను. గరిష్ఠ వేగం దాటి నడుపుతున్నాం. ఈ రోజే పాత పుల్లీ వేయించాను. డక్టు కొలతలు, పిటాట్ లెక్కలు రేపు వేరే చర్చగా పెడతాను, దయచేసి చూడండి.